తప్పుగా వాడే కస్టమర్ దగ్గరే కూర్చోండి

అందరికీ నమస్కారం అండి. కస్టమర్లతో కలిసి కొత్తవి కనిపెట్టడం గురించి మాట్లాడమన్నారు, పెద్ద టాపిక్ లాగా ఉంది గానీ ఇందులో సగం మనందరికీ తెలిసిందే. మిస్డ్ కాల్ గుర్తుందా? కాల్‌కి డబ్బులు పడతాయని రింగ్ ఇచ్చి కట్ చేసేవాళ్ళం, ఒక రింగ్ అయితే బస్సు దిగానని, రెండైతే నువ్వే చెయ్యమని, ఇంట్లో ముందే మాట్లాడుకుని పెట్టుకునేవాళ్ళు. టెలికాం కంపెనీలకి దానివల్ల పైసా రాదు. కానీ 2010లో బెంగళూరులో జిప్‌డయల్ అనే కంపెనీ సరిగ్గా ఈ అలవాటునే పట్టుకుంది, ఫలానా నంబర్‌కి మిస్డ్ కాల్ ఇవ్వండి, మీకు కావాల్సిన సమాచారం మేమే పంపిస్తాం అంది, పెద్ద పెద్ద బ్రాండ్లు ప్రచారానికి దాన్నే వాడాయి, 2015లో ట్విట్టర్ ఆ కంపెనీని కొనేసింది.

నా నమ్మకం ఏంటంటే, సర్వే ఫారంలో జనం రాసేదాని కంటే, మన వస్తువుని మనం కలలో కూడా అనుకోని విధంగా వాడుతున్నారు చూశారా, అక్కడే మనకి అసలు సంగతి దొరుకుతుంది.

చైనాలో హైయర్ కంపెనీకి 1996లో సిచువాన్‌లో ఒక రైతు దగ్గర్నుంచి కంప్లయింట్ వచ్చింది, వాషింగ్ మెషీన్‌లో నీళ్ళు పోవట్లేదు, పైపు అస్తమానం పూడుకుపోతోంది అని. వెళ్ళి చూస్తే ఆయన అందులో చిలగడదుంపలు కడుగుతున్నాడు! మట్టంతా పైపులోకి. వారంటీ వర్తించదు అని చెప్పి వచ్చేయొచ్చు, చాలా కంపెనీలు చేసేది అదే. వీళ్ళు మాత్రం అక్కడి రైతుల్లో ఈ అలవాటు చాలామందికి ఉందని గమనించి, లావు పైపు పెట్టి, బట్టలతో పాటు దుంపలు కూడా కడిగే మెషీన్ తయారు చేసి 1998లో అమ్మారు.

ఇది కస్టమర్‌ని అర్థం చేసుకోవడం. కస్టమర్‌ని లోపలికి రానివ్వడం ఇంకా కష్టం, దానికి నాకు తెలిసి పిల్లలు ఒకదానికొకటి తగిలించుకుని ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకల బొమ్మల కంపెనీ లెగో కంటే మంచి ఉదాహరణ లేదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఉంటుంది ఆ కంపెనీ. 1998లో మైండ్‌స్టార్మ్స్ అని రోబో కిట్ తెచ్చారు, అందులో పసుప్పచ్చ రంగు లావుపాటి ఇటుక ఒకటి, దాని పేరు ఆర్‌సీఎక్స్, లోపల చిన్న ప్రాసెసర్, మూడు మోటర్లు తగిలించుకోవచ్చు, మూడు సెన్సార్లు తగిలించుకోవచ్చు, కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాసి ఇన్‌ఫ్రారెడ్‌తో దానికి పంపాలి. పిల్లల కోసం చేశారు, తీరా చూస్తే పెద్దవాళ్ళు ఎగబడి కొన్నారు. కొన్ని వారాల్లోనే స్టాన్‌ఫోర్డ్ స్టూడెంట్ ఒకతను ఆ ఇటుక లోపలి కోడ్ ఎలా పనిచేస్తుందో విప్పి అందరి ముందూ పెట్టేశాడు, ఇంక మిగతావాళ్ళు దానికి కొత్త ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లు, ఏకంగా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కూడా రాశారు.

ఇప్పుడు మీరు ఆ కంపెనీలో ఉంటే ఏం చేస్తారు? లాయర్ నోటీస్ గుర్తొస్తుంది కదా. లెగోలోనూ కేసు వెయ్యాలా వద్దా అని చర్చ జరిగింది, చివరికి వద్దనుకుని, సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌లోనే హ్యాక్ చేసుకునే హక్కు మీకుంది అని రాసిచ్చారు. ఆ రోజు కేసు వేసుంటే ఆ తర్వాతి కథ ఏదీ ఉండేది కాదు.

2003, 2004 వచ్చేసరికి లెగో భారీ నష్టాల్లో ఉంది. సరిగ్గా ఆ టైంలో తర్వాతి మోడల్, ఎన్ఎక్స్‌టీ, డిజైన్ చెయ్యాలి. అప్పుడు బయట బాగా పేరున్న నలుగురు వాడకందార్లని వెతికి పట్టుకుని, రహస్యంగా ఉంచాలని ఒప్పందం రాయించుకుని, సెన్సార్లు ఎలా ఉండాలి, ఫర్మ్‌వేర్, అంటే ఇటుక లోపల ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాం, ఎలా ఉండాలి అని నెలల తరబడి ఈమెయిళ్ళలో వాళ్ళతో చర్చించారు. 2006లో ఎన్ఎక్స్‌టీ వచ్చింది, ఈసారి ఫర్మ్‌వేర్ కోడ్‌ని కంపెనీయే బయటపెట్టింది.

ఒక్క విషయం మాత్రం నాకు నచ్చదు, ఆ నలుగురూ బిల్లుండ్‌కి విమానం టికెట్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారు, ప్రతిఫలంగా దక్కింది లెగో సెట్లు. వాళ్ళు సంతోషంగానే చేశారు, నిజమే, కానీ ఇష్టం ఉంది కదా అని ఊరికే పని చేయించుకోవడం న్యాయం కాదండి. తర్వాత వచ్చిన లెగో ఐడియాస్ ఈ విషయంలో నయం. ఎవరైనా ఒక డిజైన్ పెడతారు, 10,000 మంది మద్దతిస్తే కంపెనీ పరిశీలిస్తుంది, సెట్ బయటికొస్తే నికర అమ్మకాల్లో 1 శాతం డిజైన్ చేసినవాళ్ళకి ఇస్తారు. 2017లో వచ్చిన విమెన్ ఆఫ్ నాసా సెట్ అలా వచ్చిందే. 10,000 దాటినా చాలావాటిని కాదంటారు, అది సరైనదే అంటాను నేను, కస్టమర్ మాట వినడమంటే అడిగిందల్లా చేసెయ్యడం కాదు.

2022 చివర్లో లెగో మైండ్‌స్టార్మ్స్‌ని ఆపేసింది. అయినా పైబ్రిక్స్ అని వాడకందార్లు మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిన ప్రాజెక్ట్ ఉంది, పాత హబ్‌లు, అంటే ఆ రోబోలని నడిపే ఇటుకలు, ఇవాళ్టికీ దాని మీద పైథాన్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో నడుస్తున్నాయి.

మీలో కంపెనీ నడుపుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, మీ దగ్గర వారంటీ వర్తించదని వెనక్కి పంపిన కంప్లయింట్ల ఫైల్ ఒకటి ఉంటుంది, అది ముందు తీయండి. సర్వీస్‌కి వెళ్ళొచ్చే కుర్రాళ్ళని వారానికోసారి డిజైన్ టీంతో కూర్చోబెట్టండి, వాళ్ళకి తెలిసినంత మేనేజర్లకి తెలీదు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, లెగో గురించే అక్కర్లేదు, మీ కస్టమర్లు మీ వస్తువుతో చేస్తున్న వింత పనులు ఏమైనా ఉంటే ముందు అవి చెప్పండి.