త్రీ నాట్ త్రీకి ఇంట్లో తూటాలు: ఫోన్-ఇన్

యాంకర్: డాలస్ శ్రోతలకు నమస్కారం. జింకల సీజన్ దగ్గరపడింది. పాత మిలటరీ రైఫిళ్లకి ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్ల సందేహాలకి మాస్టారు జవాబులు చెబుతారు. ఆస్టిన్ నుంచి కాలర్, చెప్పండి.

కాలర్: నమస్తే మాస్టారూ. నా దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ ఫోర్ ఉందండి, మన ఊళ్లో పోలీసుల భుజాన చూసిన త్రీ నాట్ త్రీ లాంటిదే, అందుకే ముచ్చటపడి కొన్నాను. మొన్న రేంజ్‌లో ఒకటి పేల్చి బోల్ట్ లాగితే కేసు, అదే తూటా ఇత్తడి గొట్టం, సగమే బయటికి వచ్చింది, ముందు సగం తూటా కూర్చునే ఛాంబర్‌లోనే ఉండిపోయింది. పౌడర్ ఎక్కువైందంటారా?

మాస్టారు: ఆ కేసుని ఎన్నోసారి నింపావు?

కాలర్: నాలుగోసారండి. ప్రతిసారీ ఫుల్ సైజింగ్ చేశాను, అంటే కేసు మొత్తాన్ని డై అనే అచ్చులో నొక్కి పాత కొలతకి తెచ్చాను. పౌడర్ మాత్రం తూటాల కొలతల పుస్తకంలో ఉన్నంతే వేశా.

మాస్టారు: ఆ ఫుల్ సైజింగే తప్పు. బురదలోనూ ఇరుక్కోకుండా పనిచేయాలని ఈ రైఫిల్ ఛాంబర్‌ని వదులుగా చేశారు. తూటాని వెనక అంచు పట్టుకుంటుంది, పేలగానే కేసు ముందుకి సాగుతుంది. నువ్వు డైలో పెట్టి మళ్లీ వెనక్కి నొక్కుతున్నావు, అది మళ్లీ సాగుతోంది. అలా అడుగుకి కాస్త పైన ఇత్తడి పల్చబడి తెగిపోతుంది. ఇకనుంచి మెడ ఒక్కటే సైజ్ చెయ్యి, ఆ కేసులు ఆ రైఫిల్‌కే వాడు. కళ్లద్దాలు పెట్టుకున్నావా?

కాలర్: పెట్టుకున్నానండి. అయితే పౌడర్ కొంచెం తగ్గించమంటారా?

మాస్టారు: పౌడర్ కాదు నాయనా, కేసు! పేపర్ క్లిప్ తిన్నగా చేసి, కొసని కొంచెం వంచి, కేసు లోపల అడుగు నుంచి పైకి గీరుతూ రా. ఎక్కడైనా గాడి తగిలిందా, ఆ కేసు ఇక పనికిరాదు. బయట అదే చోట మెరిసే గీత కనిపించినా అంతే. లైన్‌లోనే ఉండు, ఇప్పుడే చూసి చెప్పు.

యాంకర్: ఈలోగా హ్యూస్టన్ కాలర్.

కాలర్: నా మోసిన్ అనే రష్యన్ రైఫిల్‌కి పాత రష్యన్ తూటాలు డబ్బాడు ఉన్నాయండి. విప్పి ఆ పౌడర్ వాడొచ్చా?

మాస్టారు: వద్దు. ఏ పౌడరో తెలియనిదానికి లెక్క లేదు. బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి, దాని మీద పేరుండాలి, పుస్తకంలో ఉన్న కనీస కొలతతోనే మొదలుపెట్టాలి. ఆ తూటాలు అలాగే కాలిస్తే మాత్రం అదే రోజు బ్యారెల్‌ని వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి. పౌడర్‌ని అంటించే ఆ ప్రైమర్లలో ఉప్పు ఉంటుంది, వట్టి నూనెకి అది పోదు, తుప్పు పడుతుంది.

యాంకర్: థాంక్సండి. గుంటూరు నుంచి ఒకరు.

కాలర్: మా తాతగారి తుపాకీకి ఇంట్లో తూటాలు చేసుకోవచ్చా సార్?

మాస్టారు: లైసెన్స్ లేకుండా తూటా తయారీ అక్కడ నేరం బాబూ. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం సరదా వేటకీ వీల్లేదు. దయచేసి ఆ ఆలోచన మానుకో.

యాంకర్: ఆస్టిన్ కాలర్, ఉన్నారా?

కాలర్: ఉన్నాను మాస్టారూ. ఇరవైలో పదకొండింటికి గాడి తగిలింది. వేలికి స్పష్టంగా తెలుస్తోంది. ఇంకోటి, 0.308 అంగుళాల వ్యాసం బుల్లెట్లు, అంటే తూటా కొసన ఉండే గుళ్లు, చవగ్గా ఉన్నాయి, దీనికి...

మాస్టారు: దీనికి కావలసింది 0.311 లేదా 0.312. చిన్నది వేస్తే గురి కుదరదు, జింక గాయపడి తప్పించుకుంటుంది, అది పాపం. మెత్తని సీసం ముక్కని బ్యారెల్‌లోంచి తోసి కొలిచి, అప్పుడు కొను.

కాలర్: అయితే పౌడర్ అంతే ఉంచనా?

మాస్టారు: కేసులు మార్చాక మళ్లీ కనీస కొలత నుంచే రా. ముందు ఆ పదకొండింటినీ ప్లయర్‌తో నలిపి పారెయ్, పొరపాటున మళ్లీ డబ్బాలో కలిసిపోతాయి.

కాలర్: ఇప్పుడే నలిపేస్తానండి.