సర్దిన సూట్‌కేస్ మళ్లీ విప్పుతున్నాను

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? లెక్క ప్రకారం ఈ వీడియో ఎయిర్‌పోర్ట్‌లో తీయాలి. కానీ ఇదిగో, బెడ్‌రూమ్‌లో నేల మీద కూర్చుని, పోయిన వారం సర్దిన బట్టలు ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాను. మా వీసా స్టాంపింగ్ (ఇండియా వెళ్లినప్పుడు, తిరిగి ఇక్కడికి రావడానికి పాస్‌పోర్ట్‌లో వేయించుకోవాల్సిన వీసా ముద్ర) అపాయింట్‌మెంట్ మూడు నెలలు వెనక్కి జరిపారు. మెయిల్‌లో కొత్త తేదీ ఉంది, కారణం లేదు. ఇప్పుడు వెళ్తే అనుకున్న టైముకి తిరిగి రాలేం. మా ఆయన ఉద్యోగం, పిల్లల స్కూలు... అందుకే టికెట్లు క్యాన్సిల్ చేసేశాం. అమ్మని చూసి నాలుగేళ్లయింది. తనకింకా చెప్పలేదు. ఈ బట్టలు మడతపెట్టడం అయ్యాక చెబుదామని.

పొద్దున మా పెద్దోడు అడిగాడు, "అమ్మా, మనల్ని వద్దన్నది దేవుడా, ఆఫీసువాళ్లా?" అని. ఏం చెప్పాలో తోచలేదు. వాణ్ణి స్కూల్లో దింపి వస్తూ కారులో బైబిల్లోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ఆడియో పెట్టుకున్నాను.

ఊరూరా యేసు సువార్త చెబుతూ తిరిగిన అపొస్తలుడు పౌలు, తోటివాళ్లతో కలిసి ఆసియలో వాక్యం చెప్పాలనుకున్నాడు. ఆసియ అంటే ఇప్పటి ఖండం కాదు, నేటి టర్కీలో పడమటి వైపున్న రోమా రాష్ట్రం. పరిశుద్ధాత్మ ఆపాడు. సరే అని ఉత్తరాన ఉన్న బితూనియ ప్రాంతం వైపు తిరిగాడు. అక్కడికీ వెళ్లనివ్వలేదు. ఆయన తలపెట్టింది చెడ్డ పనా అంటే, సువార్తే! అయినా ఎందుకు వద్దో ఒక్క ముక్క కూడా రాసి లేదు. మిగిలిన దారిలో నడుచుకుంటూ పోతే త్రోయ అనే రేవు పట్టణం వచ్చింది, దాని అవతల సముద్రం. మనం అర నిమిషంలో చదివేసే ఆ రెండు మూడు వచనాల్లో వాళ్లు నడిచింది వందల కిలోమీటర్లు. ఎక్కడికి పోతున్నారో వాళ్లకే తెలీదు. మనం సాక్ష్యాలు చెప్పేది అంతా అయ్యాకే కదండీ, ఇలా దారి మధ్యలో ఉన్నవాళ్ల చేతికి మైకు ఎవరూ ఇవ్వరు.

సముద్రం అవతలున్న మాసిదోనియకు వచ్చి సహాయం చేయమని ఒక మనిషి వేడుకుంటున్న దర్శనం త్రోయలోనే వచ్చింది. అప్పటిదాకా "వారు" అని సాగిన కథ అక్కడ్నుంచి "మేము" అని మారుతుంది. అంటే రాస్తున్న లూకా వాళ్లతో కలిసింది అక్కడే. తర్వాత మాసిదోనియలోని ఫిలిప్పీ పట్టణం. దర్శనంలో పిలిచింది మగమనిషి, తీరా నది ఒడ్డున ముందుగా విని నమ్మింది ఒక వ్యాపారస్తురాలు, లూదియ. ఆమె సొంత ఊరు తుయతైర. అది ఎక్కడుందో తెలుసా? వెళ్లొద్దన్న ఆ ఆసియలోనే! సిగ్నల్ దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ తర్వాత కొన్నేళ్లకి అదే పౌలు ఆసియలోని ఎఫెసులో రెండేళ్లకు పైగా ఉండి బోధించాడు. అయితే దీన్ని పట్టుకుని "ఇవాళ వద్దంటే రేపు సరే అంటాడన్నమాట" అని నాకు నేను చెప్పుకోలేను. దావీదు రాజు దేవునికి మందిరం కడతానంటే, నాతాను ప్రవక్త మొదట "నీకు తోచినట్టు చెయ్యి" అనేశాడు. ఆ రాత్రే దేవుడు వద్దనడంతో మాట మారింది. ప్రవక్త అంచనా కూడా తప్పింది చూడండి. దావీదు రాళ్లు, ఇనుము, దేవదారు మాన్లు పోగుచేసి పెట్టాడు. కట్టింది కొడుకు సొలొమోను. దావీదు ఆ మందిరాన్ని కళ్లతో చూడనే లేదు.

మా వాడి ప్రశ్నకి వద్దాం. థెస్సలొనీక పట్టణం వాళ్ల దగ్గరికి రావాలని ఒకటి రెండుసార్లు అనుకున్నా సాతాను అడ్డుపడ్డాడని రాసింది కూడా ఈ పౌలే. ఒకచోట ఆత్మ ఆపాడని లూకా రాశాడు, ఇంకోచోట సాతాను అని పౌలు అంటాడు. కాబట్టి అడ్డు వచ్చిన ప్రతిదానికీ వెంటనే "ప్రభువు చిత్తం" అని ముద్ర వేయడం నాకు నచ్చదు. ఆపింది ఎవరైనా పగ్గాలు మాత్రం ప్రభువు చేతిలోనే ఉన్నాయి, నేను పట్టుకున్నది అంతే. ఇది ఏడేళ్లవాడికి ఎలా చెప్పాలో సాయంత్రం దాకా టైముంది.

అన్నట్టు, తాను వెళ్లలేక పౌలు ఏం చేశాడంటే, తన తోటి సేవకుడు తిమోతిని పంపాడు, ఉత్తరం రాశాడు. మనం ఇప్పటికీ చదువుతున్నది ఆ ఉత్తరాన్నే.

ఈ చివరి చీర అమ్మ కోసం కొన్నది. దీన్ని అల్మారాలో పెట్టబుద్ధి కావట్లేదు, సూట్‌కేస్‌లోనే ఉంచేస్తున్నాను.

అదిగో, ఫోన్. అమ్మే. ఉంటానండీ.