సిమెంట్ బ్లాకులతో 1500 లీటర్ల అక్వేరియం: అసలు పనంతా గాజు దగ్గరే

[దృశ్యం: వసారాలో సిమెంట్ బ్లాకులతో కట్టిన పొడవాటి తొట్టి. ముందు గాజు కిటికీ. లోపల నీలం, పసుపు చేపలు తిరుగుతుంటాయి.]

నమస్తే అండి. ఈ తొట్టి పొడవు 7 అడుగులు, వెడల్పు 3 అడుగులు. నీళ్లు రెండున్నర అడుగుల ఎత్తు దాకా ఉంటాయి, అంటే దాదాపు 1500 లీటర్లు. ఈ సైజులో నాలుగు పక్కలా గాజుతో చేయిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే గోడలన్నీ బ్లాకులతో కట్టి, ముందువైపు ఒక్క కిటికీకే గాజు పెట్టాం. ఇంటికి సంపు కట్టిన మేస్త్రీ ఎవరైనా ఈ గోడలు కట్టేస్తారు. గోడకు గాజు కలిసే చోటు మాత్రం ఆయనకూ కొత్తే. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు అక్కడే ఆగుతాను.

ముందు బరువు సంగతి. లీటరు నీళ్లు కేజీ కాబట్టి నీళ్లే టన్నున్నర తూగుతాయి. దయచేసి మేడ మీద కట్టకండి. ఇళ్లలో గదుల స్లాబును మనుషులు, సామాన్ల కోసం చదరపు మీటరుకు 200 కేజీల లెక్కన డిజైన్ చేస్తారు. ఇక్కడ నీళ్లే చదరపు మీటరుకు 760 కేజీలు పడతాయి, గోడల బరువు వేరే. కింద నేల మీదే, దిమ్మిస కొట్టిన మట్టి మీద, చువ్వల జాలీ వేసి 6 అంగుళాల కాంక్రీటు పోయించండి. అడుగు నుంచి నీళ్లు వదిలే పైపు పెట్టాలనుకుంటే అదీ అప్పుడే పెట్టాలి. తర్వాత డ్రిల్లు వేస్తే ఆ రంధ్రం చుట్టూ కారడం మొదలవుతుంది.

[దృశ్యం: హాలో బ్లాకు గుంతలోంచి నిలబడిన చువ్వ. మేస్త్రీ అందులోకి కాంక్రీటు కూరుతుంటాడు.]

గోడకు హాలో బ్లాకులు తీసుకున్నాం. అడుగు కాంక్రీటులోంచి లేచిన చువ్వలు బ్లాకుల గుంతల్లోంచి పైకి వస్తాయి, ఆ గుంతలన్నీ కాంక్రీటుతో నింపాలి. పైన చుట్టూ ఒక బీము. కిటికీ పైన కూడా ఆ బీము ఉండాల్సిందే, అప్పుడే గాజుకు నాలుగు వైపులా ఆసరా దొరుకుతుంది. లోపలి మూలల్ని మాత్రం గుండ్రంగా తిప్పి ప్లాస్టరింగ్ చేయించండి. వాటర్‌ప్రూఫ్ పూత ముందుగా పగిలేది పదునైన మూలలోనే.

ఇక క్యూరింగ్. కాంక్రీటు అనుకున్న గట్టిదనానికి రావాలంటే 28 రోజులు లెక్క. మొదటి వారమైతే తడి ఆరనివ్వకూడదు. మేస్త్రీ "ఇంకేం పర్లేదు సార్, నింపేయండి" అన్నా ఆగండి.

[దృశ్యం: కిటికీ అంచు దగ్గరగా. గాజు, గోడ, మధ్యలో నల్లటి సిలికాన్ గీత.]

ఇప్పుడు గాజు. కిటికీ సందు 5 అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. గాజు మాత్రం ప్రతి వైపూ 3 అంగుళాలు ఎక్కువ కోయించి లోపలి నుంచి పెట్టాం. ఇదే కీలకం. లోపలి నుంచి పెడితే నీళ్లే గాజును గోడకేసి నొక్కి పట్టుకుంటాయి, బయటి నుంచి పెడితే అవే నీళ్లు దాన్ని ఊడదోస్తాయి. ఈ కిటికీ మీద పడే ఒత్తిడి సుమారు 265 కేజీలు. ఒత్తిడి పెరిగేది తొట్టి లోతును బట్టే, అందులో ఎన్ని లీటర్లు ఉన్నాయన్నదాన్ని బట్టి కాదు. వెడల్పు 3 అడుగుల బదులు 10 అడుగులు కట్టినా ఈ గాజు మీద ఒత్తిడి మారదు. లోతు పెంచితే మాత్రం గాజు మందం మళ్లీ లెక్క వేయించాల్సిందే. మేం 12 ఎంఎం వాడాం.

గాజును గోడకు అతికించే సిలికాన్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. వెనిగర్ వాసన వచ్చే రకం గాజుకు బాగా అతుకుతుంది కానీ, ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం సిమెంటులోని సున్నంతో కలవడంతో గోడ దగ్గర సిలికాన్ పట్టు వదిలేస్తుంది. అందుకే ముందు కిటికీ అంచుకు ఎపాక్సీ అనే నీరు పట్టని పూత పూసి, అది ఆరాక ఉప్పు కాగితంతో గరుకు చేసి, దాని మీద న్యూట్రల్ రకం, అంటే ఆరేటప్పుడు ఆమ్లం వదలని సిలికాన్ వేశాం. బాత్‌రూముల కోసం బూజు పట్టదని చెప్పి అమ్మే రకం ముట్టుకోవద్దు. అందులోని మందు చేపలకు విషం.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. మొదటిసారి సిలికాన్ వేసిన నాలుగో రోజే నీళ్లు నింపాను. పైన వేలితో నొక్కితే గట్టిగా ఉంది, చాలనుకున్నాను. తొట్టి చుట్టూ పాత పేపర్లు పరిచి పడుకున్నాను. తెల్లారేసరికి కుడి మూల కింద పేపరు మీద రూపాయి బిళ్లంత తడి. నీళ్లన్నీ తీసేసి బ్లేడుతో కోసి చూస్తే, లోపల సిలికాన్ ఇంకా టూత్‌పేస్టులా మెత్తగానే ఉంది. సిలికాన్ గాలిలోని తేమతో పైనుంచి లోపలికి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది. అంగుళం వెడల్పు పట్టీ కాబట్టి రెండోసారి రెండు వారాలు ఆగాను. ఆ తర్వాత చుక్క కారలేదు.

[దృశ్యం: పీహెచ్ కిట్ గొట్టంలో నీళ్ల రంగు మారుతుంది.]

లోపల తాగునీటి ట్యాంకులకు వాడే ఎపాక్సీ రెండు కోట్లు వేసి, డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరనిచ్చాం. పూత వేసినా సిమెంటులోంచి సున్నం దిగుతుందేమో చూసుకోవాలి. నీళ్లు నింపి మూడు నాలుగు రోజులు ఉంచి పారబోయండి, మళ్లీ నింపండి. పీహెచ్ అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత. తొట్టి నీళ్ల పీహెచ్, కుళాయి నీళ్ల పీహెచ్ దాదాపు ఒకటే అయ్యేదాకా ఇలా చేయాలి. దక్షిణాదిలో సిమెంటు తొట్లలో రంగు చేపలు పెంచేవాళ్లు ఇదే పనికి అరటి బోదె ముక్కలు నానబెడతారు.

నింపడం కూడా విడతల వారీగానే. మూడో వంతు నింపి ఒక రోజు, రెండు వంతులు నింపి ఇంకో రోజు. పేపర్లు మాత్రం తీయకండి.

ఆ తర్వాత ఫిల్టర్ తిప్పుతూ నాలుగు నుంచి ఆరు వారాలు. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగాలి కదా. మా బోరు నీళ్లు లవణాలు ఎక్కువున్న కఠిన జలం, అందుకే ఆఫ్రికాలోని మలావి సరస్సులో ఉండే సిక్లిడ్లు అనే రంగు చేపల్ని ఎంచుకున్నాం. వాటికి 8 చుట్టూ పీహెచ్ ఉన్న కఠిన జలమే ఇష్టం. కరెంటు పోతే ఎయిర్ పంపు ఆగకుండా ఇన్వర్టర్‌కు కలిపి పెట్టాను.

మొదట ఆరు చేపలే వేశాం. పునాది తవ్విన రోజు నుంచి లెక్కేస్తే అప్పటికి నాలుగు నెలలు దాటింది.

[దృశ్యం: సంచీ మూతి విప్పగానే పసుపు చేప ఒకటి మెల్లగా బయటికి వచ్చి రాయి వెనక్కి వెళ్తుంది.]