ఫ్రాన్స్ చరిత్రని తెర మీద చదవడం ఎలా? 1940–44 ఆక్రమణ కాలంతో మొదలుపెడదాం

నమస్కారం అండీ. యూరప్ చరిత్ర తెలుసుకోవాలని ఉంది, కానీ లావుపాటి పుస్తకాలు ముందేసుకుని కూర్చునే ఓపిక లేదు, సినిమాలు, నాటకాలు, డాక్యుమెంటరీలు చూసి నేర్చుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. నేర్చుకోవచ్చు. కాకపోతే వాటిని చూడటానికి ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే కథ గుర్తుంటుంది, చరిత్ర మాత్రం తప్పుగా బుర్రలో కూర్చుంటుంది. ఆ తర్వాత దాన్ని అక్కణ్ణుంచి లేపడం చాలా కష్టం.

యూరప్ మొత్తాన్ని ఒక్క వీడియోలో చుట్టేయడం ఎవరివల్లా కాదు. అందుకే ఒక్క దేశం, ఒక్క నాలుగేళ్లు తీసుకుంటున్నాను. దేశం ఫ్రాన్స్. కాలం 1940 నుంచి 1944 దాకా, అంటే జర్మన్లు ఫ్రాన్స్‌ని ఆక్రమించుకున్న రోజులు. ఇక్కడ పద్ధతి పట్టుబడితే రేపు స్పెయిన్‌కైనా పోలెండ్‌కైనా ఇదే పనికొస్తుంది.

ఒక నోట్‌బుక్ తీసుకోండి. పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టండి. ఎడమవైపు కథ జరిగిన సంవత్సరం, కుడివైపు సినిమా తీసిన సంవత్సరం.

(తెర మీద: రెండు గడుల పట్టిక, ఖాళీగా)

అంతే, ఇదే మన పరికరం. చారిత్రక సినిమాని నేను ఒక సాక్షిలా చూస్తాను. ఆ సాక్షి ఏం చెప్పాడన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు చెప్పాడు, ఎవరి ముందు చెప్పాడు, ఏ సంగతి దగ్గర నోరు మెదపలేదు అన్నదీ అంతే ముఖ్యం. ఎడమ గడిలో ఎప్పుడూ అవే నాలుగేళ్లు ఉంటాయి. కుడి గడి మారినప్పుడల్లా ఆ నాలుగేళ్ల కథ కూడా మారిపోతుంది. చూడండి, మీకే తెలుస్తుంది.

ముందు నేపథ్యం, గబగబా. 1940 జూన్‌లో ఫ్రాన్స్ ఓడిపోయింది. ఉత్తర భాగం, అట్లాంటిక్ తీరం జర్మన్ సైన్యం చేతిలోకి పోయాయి. దక్షిణాన విషీ అనే ఊరు కేంద్రంగా మార్షల్ పెతాన్ ప్రభుత్వం నడిచింది. అప్పటికి ఆయన వయసు 84. ఈ ప్రభుత్వం హిట్లర్‌తో చేతులు కలిపింది. లండన్ వెళ్లిపోయిన జనరల్ డిగాల్ మాత్రం యుద్ధం ఇంకా అయిపోలేదన్నాడు. 1942 నవంబరులో జర్మన్లు దక్షిణ భాగంలోకి కూడా వచ్చేశారు. 1944 ఆగస్టులో పారిస్‌కి విముక్తి దొరికింది.

ఇక్కడ మనవాళ్ల సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. కాకినాడ పక్కనున్న యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్లదే కదా! 1940 సెప్టెంబరులో పుదుచ్చేరి గవర్నర్ లూయీ బొన్వాన్ విషీని కాదని డిగాల్ పక్షాన నిలబడ్డాడు. దాంతో పుదుచ్చేరి కింద ఉన్న యానాం కూడా కాగితాల మీద డిగాల్ వైపే చేరింది. ఫ్రాన్స్‌లోనే చాలా ఊళ్లకి ఆ మాట చెప్పుకునే అవకాశం లేని రోజులవి.

సరే, పట్టికలోకి వద్దాం. మొదటిది నాటకం. ఝాన్ ఆనుయ్ రాసిన 'యాంటిగొనీ'.

దీని ప్రత్యేకత ఏంటంటే రెండు గడుల్లోనూ దాదాపు ఒకే ఏడాది వేయాలి. పైకి కథ పాత గ్రీకు కథే. రాజు క్రెయాన్ ఒక శవాన్ని పూడ్చకూడదని ఆజ్ఞ ఇస్తాడు. ఆ చనిపోయినవాడి చెల్లెలు యాంటిగొనీ ఆజ్ఞ ధిక్కరించి అన్నకి మట్టి వేస్తుంది. దొరికిపోతుంది, చావుకి సిద్ధపడుతుంది. కానీ పారిస్‌లోని అతెలియే థియేటర్లో 1944 ఫిబ్రవరిలో ఇది మొదటిసారి ఆడినప్పుడు పాత్రలు వేసుకున్నవి గ్రీకు వస్త్రాలు కావు, ఆనాటి బట్టలే. బయట వీధిలో జర్మన్ సైనికులు తిరుగుతున్నారు. నాటకానికి అనుమతి ఇచ్చింది కూడా జర్మన్ సెన్సారే.

మరి ఎలా ఇచ్చారు? చాలామంది దీన్ని సెన్సార్ కళ్లు కప్పిన వీరనాటకంగా చెప్పేస్తారు. నాకది పూర్తిగా నమ్మబుద్ధి కాదు. ఎందుకంటే ఆనుయ్ క్రెయాన్‌ని రాక్షసుడిగా రాయలేదు. "పడవ మునిగిపోతుంటే ఎవరో ఒకరు చుక్కాని పట్టుకోవాలి కదా" అన్న ధోరణిలో వాదిస్తాడు క్రెయాన్. ఆ వాదన విన్నవాళ్లలో కొందరికి పెతాన్ గుర్తొచ్చి సబబే అనిపించింది. యాంటిగొనీ "కాదు" అన్నప్పుడు ఇంకొందరికి ప్రతిఘటన, అంటే జర్మన్లకి ఎదురుతిరిగిన ఫ్రెంచివాళ్ల రహస్య పోరాటం, గుర్తొచ్చింది. ఒకే హాలు, ఒకే డైలాగు, రెండు రకాల చప్పట్లు.

ఈ నాటకం చదివినా, వీడియో ప్రదర్శన చూసినా కాపలావాళ్ల మీద ఒక కన్నేసి ఉంచండి. హీరోలూ కారు, విలన్లూ కారు. జీతం, ప్రమోషన్, భోజనం, ఇవే వాళ్ల గొడవ. చివర్లో అందరూ చచ్చిపోయాక కూడా స్టేజి మీద మిగిలేది వాళ్లే, పేకాడుకుంటూ ఉంటారు. ఆక్రమణ కాలంలో ఎక్కువమంది జనం ఎలా బతికారో తెలియాలంటే నాకు ఈ పేకాటే ముందు గుర్తొస్తుంది.

తర్వాతది 1946. రెనె క్లెమాన్ తీసిన 'బ్యాటిల్ ఆఫ్ ది రైల్స్'. జర్మన్ రైళ్లని రైల్వే కార్మికులు ఎలా ఆపారు, ఎలా పట్టాలు తప్పించారు అన్నది కథ. నిజంగా రైల్వేలో పనిచేసేవాళ్లు చాలామంది ఇందులో కనిపిస్తారు. పట్టుబడ్డ కార్మికుల్ని గోడ దగ్గర నిలబెట్టి కాల్చే సీన్ ఉంటుంది. ఆ సమయంలో యార్డులో ఉన్న ఇంజన్లన్నీ కూతలు వేస్తాయి. అక్కడ చలించని వాళ్లుండరు. మొదటి కాన్ ఫిల్మ్ ఫెస్టివల్లోనే అవార్డులు అందుకుంది.

ఇప్పుడు కుడి గడి చూడండి. 1946, అంటే విముక్తి వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. ఓడిపోయిన దేశం తల ఎత్తుకు నిలబడాలి. అందరం పోరాడాం అనే కథ కావాలి, సినిమా ఆ కథ చెప్పింది. అది అబద్ధం కాదు. అంతమంది కార్మికులు ప్రాణాలకి తెగించింది నిజమే. కానీ అవే పట్టాల మీద, అదే ఫ్రెంచి రైల్వే నడిపిన రైళ్లలో, దాదాపు 76 వేల మంది యూదుల్ని ఫ్రాన్స్ నుంచి నాజీ శిబిరాలకి పంపారు. సినిమా చూపు అటు పోదు. అందుకే నోట్‌బుక్‌లో "కనిపించనిది" అని ఇంకో గడి కూడా గీసుకోండి. మొదట్లో ఆ గడి నింపడం రాదు, పర్వాలేదు. నాలుగైదు సినిమాలయ్యాక దానంతటదే వస్తుంది.

(తెర మీద: పట్టికకి మూడో గడి కలుస్తుంది)

ఇక అసలు విషయానికొద్దాం. ఈ వీడియోలో ఒక్కటే చూస్తాం అంటే దీన్నే చూడమంటాను. 'నైట్ అండ్ ఫాగ్'. అలెన్ రెనే తీసిన డాక్యుమెంటరీ, 1956లో విడుదలైంది. నిడివి కేవలం 32 నిమిషాలు. నాజీ శిబిరాల గురించి. వ్యాఖ్యానం రాసిన ఝాన్ కేరోల్ స్వయంగా మౌట్‌హౌజెన్ శిబిరంలో ఖైదీగా ఉండి బయటపడ్డ కవి. ఖాళీగా పడి ఉన్న శిబిరాల్ని రంగుల్లో, గడ్డి మొలిచిన పట్టాల వెంట మెల్లగా కదులుతూ చూపిస్తారు. పాత దృశ్యాలు నలుపు తెలుపులో వస్తాయి. గుండె దిటవు చేసుకుని చూడండి, చిన్నపిల్లలు పక్కన లేనప్పుడు.

ఇందులో ఒక్క ఫోటో దగ్గర మాత్రం తప్పకుండా పాజ్ కొట్టండి. పారిస్‌కి దక్షిణాన ఉన్న ఒక నిర్బంధ శిబిరం ఫోటో అది. కాపలా గోపురం మీద నుంచి ఒక మనిషి కిందికి చూస్తుంటాడు. అతని నెత్తి మీద ఉన్నది ఫ్రెంచి పోలీసు టోపీ. ఇది చూసి ఫ్రెంచి సెన్సార్ వాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఫోటో తీసేయమన్నారు. చివరికి రాజీ ఎలా కుదిరిందంటే, టోపీ కనబడకుండా దూలంలాంటి నల్లటి పట్టీ ఒకటి ఫోటో మీద గీశారు. సినిమాలో మిగతా ఘోరాలన్నీ ఉండొచ్చు, ఆ టోపీ ఒక్కటే ఉండకూడదు! చాలా ఏళ్లకి గానీ ఆ పట్టీ తొలగించిన ప్రింట్ బయటికి రాలేదు. మీరు చూసే కాపీలో టోపీ ఉందో లేదో గమనించండి. అదే ఒక పాఠం.

ఆ టోపీతో అంత టెన్షన్ ఎందుకంటే, 1942 జూలై 16, 17 తేదీల్లో పారిస్‌లో 13 వేలకి పైగా యూదుల్ని ఇళ్లల్లోంచి పట్టుకుపోయారు. వాళ్లలో నాలుగు వేలకి పైగా పిల్లలే. కుటుంబాలతో ఉన్నవాళ్లని వెల్ దివ్ అనే సైకిల్ పందేల స్టేడియంలో కుక్కి, అక్కణ్ణుంచి పారిస్‌కి దక్షిణాన ఉన్న రెండు శిబిరాలకి పంపారు. ఇళ్ల తలుపులు కొట్టింది జర్మన్లు కాదు, ఫ్రెంచి పోలీసులు.

అయితే ఈ గొప్ప సినిమాకి కూడా మూడో గడి ఉంది. వ్యాఖ్యానం మొత్తంలో యూదుల ప్రస్తావన ఒకే ఒక్కసారి వస్తుంది. బాధితులందరినీ ఖైదీలుగా, మనుషులుగా ఒకే వరసలో చూపించడం 1956 నాటి అలవాటు. ఎవరిని ఎందుకు ఏరి చంపారన్నది ఇంకా విడిగా మాట్లాడని కాలం.

1969కి వద్దాం. మార్సెల్ ఓఫుల్స్ తీసిన 'ది సారో అండ్ ది పిటీ'. నాలుగు గంటల పైనే. ఒక్కసారి కూర్చుని చూడాలని పంతం పట్టకండి. ఎలాగూ రెండు భాగాలుగానే ఉంది, రెండు సాయంత్రాలు పెట్టుకోండి. విషీకి దగ్గర్లోని క్లెర్మాన్ ఫెరాన్ అనే ఊరు తీసుకుని, ఆనాటి జనాన్ని కూర్చోబెట్టి అడుగుతాడు: ఆ నాలుగేళ్లూ మీరేం చేశారు?

ఒక దుకాణదారు ఉంటాడు. అతని ఇంటిపేరు విని జనం యూదుడేమో అనుకుంటున్నారని, కాదని చెబుతూ అప్పట్లో పేపర్లో ప్రకటన ఇచ్చుకున్నాడు. ఓఫుల్స్ అరవడు, తిట్టడు. ఆ ప్రకటన సంగతి తీసి మర్యాదగా ప్రశ్నలు వేస్తాడు. దుకాణదారు సర్దిచెప్పుకుంటూ పోతాడు. ఒక్క మనిషిని చంపని, ఎవర్నీ పట్టించని ఆ సాధారణ వ్యాపారి ముఖం చూస్తే ఆ కాలం సగం అర్థమవుతుంది. ఇంకోవైపు ప్రతిఘటనలో పనిచేసిన రైతు సోదరులు ఉంటారు. వాళ్లలో ఒకరిని ఎవరో పట్టిస్తే జర్మన్ శిబిరానికి పోయి వచ్చాడు. పట్టించింది ఎవరో తనకి తెలుసంటాడు. పగ మాత్రం తీర్చుకోలేదు. ఇంటర్వ్యూ తీయడం నేర్చుకునేవాళ్లు ఈ రెండూ పదేపదే చూడాలి.

ఫ్రాన్స్ ప్రభుత్వ టీవీ దీన్ని వేయలేదు. 1971లో పారిస్‌లో సినిమా హాల్లో విడుదలైంది. ఫ్రెంచి టీవీలో రావడానికి 1981 దాకా ఆగాల్సొచ్చింది. కుడి గడిలో ఈ ఏళ్లు కూడా రాసుకోండి. ఎప్పుడు తీశారన్నదే కాదు, ఎప్పుడు చూడనిచ్చారన్నది కూడా చరిత్రే.

ఇది వచ్చాక తలుపులు తెరుచుకున్నాయి. 1974లో లూయీ మాల్ 'లకూంబ్ లూసియన్' తీశాడు. ఒక పల్లెటూరి కుర్రాడు ప్రతిఘటనలో చేరతానని వెళ్తాడు, వద్దు పొమ్మంటారు, పోయి జర్మన్ పోలీసుల పంచన చేరతాడు. పెద్ద గొడవైంది. అదే మాల్ 1987లో తన సొంత చిన్ననాటి కథ చెప్పాడు, 'ఓ రెవ్వార్ లెజ్ ఆన్ఫాన్'. 1944 జనవరిలో అతను చదివే క్రైస్తవ బడిలో ఫాదర్ ఝాక్ అనే హెడ్‌మాస్టర్ ముగ్గురు యూదు పిల్లల్ని పేర్లు మార్చి దాచాడు. నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో వచ్చి వాళ్లందరినీ పట్టుకుపోయింది. పిల్లలు ఆష్విట్జ్ శిబిరంలో చనిపోయారు. శిబిరం నుంచి విడుదలైన కొద్ది వారాలకే ఫాదర్ కూడా పోయాడు.

ఈ సినిమాలో హోటల్ సీన్ మళ్లీ వెనక్కి తిప్పి చూడండి. భోజనం చేస్తున్న ఒక ముసలి యూదుడి దగ్గరికి విషీ ప్రభుత్వపు సాయుధ దళమైన మిలీషియా కుర్రాళ్లు వచ్చి కాగితాలు చూపించమని రభస చేస్తారు. వాళ్లు ఫ్రెంచివాళ్లే. పక్క టేబుల్ దగ్గరున్న జర్మన్ అధికారి లేచి వాళ్లని బయటికి పొమ్మంటాడు. 1946లో ఇలాంటి సీన్ ఎవరూ తీయలేరు, తీసినా హాల్లో కూర్చుని చూసేవాళ్లుండరు.

ఇక 1995 జూలై 16. వెల్ దివ్ ఘటనకి 53 ఏళ్లు నిండిన రోజు. ఫ్రాన్స్ అధ్యక్షుడు జాక్ షిరాక్ ఆ నేరంలో ఫ్రెంచి రాజ్యం పాలు పంచుకుందని అధికారికంగా ఒప్పుకున్నాడు. ఆయనకి ముందున్న మితరాన్ దాకా వచ్చిన మాట వేరు: అది విషీ పని, రిపబ్లిక్‌కి సంబంధం లేదు అని. షిరాక్ ప్రసంగం వీడియో దొరుకుతుంది, సబ్‌టైటిల్స్‌తో చూడండి. దాన్ని కూడా పట్టికలో చేర్చండి. నా లెక్కలో అదీ ఒక డాక్యుమెంటరీయే.

ఇప్పుడు ఎలా చూడాలో చెబుతాను. కథ జరిగిన వరసలో పెట్టుకోవద్దు, తీసిన వరసలో పెట్టుకోండి. నిడివికి భయపడేవాళ్లు ముందు 'నైట్ అండ్ ఫాగ్' చూసి, తర్వాత వెనక్కి 1946కి వెళ్లినా ఫర్వాలేదు. సినిమా చూడకముందు సమీక్షలు చదవకండి, చూసిన మర్నాడు చదవండి. చూసేటప్పుడు పాత్ర కల్పితమా, నిజం మనిషా అని ఆగి వెతకొద్దు, ప్రశ్న రాసి పెట్టుకుని తర్వాత తేల్చుకోండి. మాల్ సినిమాలో పిల్లల్ని పట్టించే వంటింటి కుర్రాడు కల్పిత పాత్ర, ఫాదర్ మాత్రం నిజం మనిషి. ఇలాంటివి కలగలిసిపోతాయి కాబట్టి ఈ జాగ్రత్త.

చివరగా మీకో పని. 1969లోనే ఇంకో సినిమా వచ్చింది, మెల్విల్ తీసిన 'ఆర్మీ ఆఫ్ షాడోస్'. మెల్విల్ స్వయంగా ప్రతిఘటనలో పనిచేసినవాడు. అందులో వీరులు తమలోంచే ద్రోహం చేసిన ఒక కుర్రాణ్ని చంపాలి. తుపాకీ పేలిస్తే పక్కింటివాళ్లకి వినబడుతుంది, అందుకని తువ్వాలుతో గొంతు బిగిస్తారు. దీన్ని చూసి డిగాల్‌ని పొగిడే సినిమా అని ఆనాటి ఫ్రెంచి విమర్శకులు కొందరు విరుచుకుపడ్డారు. ఓఫుల్స్‌దీ 1969, దీనిదీ 1969. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, దీని మూడో గడిలో మీరేం రాశారో కింద కామెంట్లో పెట్టండి.