నెలకి 249 డాలర్లకే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ: ఈ లీజ్ ఆఫర్ తీసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. నా వెనకాల ఉన్న ఈ ఎలక్ట్రిక్ ఎస్‌యూవీని ఒక డీలర్ వీకెండ్‌కి నడుపుకోమని ఇచ్చారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్లకి చూపించనూ లేదు. రేంజ్ ఎంత, స్క్రీన్ ఎంత అన్నది మీరు ఈపాటికే చూసుంటారు. బండి బాగుంది, సస్పెన్షన్ కాస్త గట్టిగా ఉంది, అంతే. నేను రివ్యూ చేసేది దీని లీజ్ ఆఫర్‌ని. అంటే బండి కొనకుండా మూడేళ్లు నెలనెలా డబ్బు కట్టి వాడుకుని, చివర్లో తిరిగిచ్చేయడం, లేదా కాంట్రాక్ట్‌లో రాసిన రేటుకి కొనుక్కోవడం. పేరు కావాలనే చెప్పడం లేదు. ఆఫర్లు నెలనెలా మారిపోతాయి, లెక్క మాత్రం ఏ బండికైనా ఇదే.

ముందు ఇది చూడండి. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. దాని మీద తయారైన నెల, సంవత్సరం. ఈ బండి ఫ్యాక్టరీ దాటి ఏడాది పైనే అయింది. అన్నాళ్లూ ఎండకి ఎండి, వానకి తడిసి డీలర్ లాట్‌లోనే పడి ఉంది. బ్రేక్ డిస్కుల అంచున తుప్పు కనిపిస్తోందా? అది అందుకే. ఇలాంటి బండి తీసుకుంటే 12 వోల్టుల బ్యాటరీ చెక్ చేయించండి.

డీలర్ ఈ బండ్లని అప్పు తెచ్చి లాట్‌లో పెడతాడు, కదలని ప్రతి రోజుకీ వడ్డీ పడుతుంది. అమెరికాలో 60 రోజులకి సరిపడా స్టాక్ ఉంటే మామూలే అంటారు, అది దాటితే టెన్షన్ మొదలు. 2024లో జీప్, రామ్ బండ్లు తయారుచేసే స్టెల్లాంటిస్‌కి స్టాక్ పేరుకుపోతే, అమెరికా డీలర్ల కౌన్సిలే సీఈఓ కార్లోస్ తవారెస్‌కి బహిరంగ లేఖ రాసింది. డిసెంబర్‌లో ఆయన రాజీనామా చేశారు.

మరి రేటు తగ్గించేయొచ్చు కదా? తగ్గిస్తే పోయిన నెల కొన్నవాళ్లు ఊరుకోరు, పాత బండ్ల రేట్లు కూడా పడిపోతాయి. అందుకే తగ్గింపుని లీజ్‌లో దాచిపెడతారు. ఎక్కడ దాస్తారో చెప్తాను, నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చేది అదే: రెసిడ్యువల్ వాల్యూ. మూడేళ్ల తర్వాత బండి ఎంత చేస్తుందో ఇవాళే కాంట్రాక్ట్‌లో రాసే అంకె.

స్టిక్కర్ ధర, అంటే కంపెనీ వేసిన అసలు రేటు, 48,000 డాలర్లు. డిస్కౌంట్ పోను, ఫీజులు కలిపి 40,250. రెసిడ్యువల్ 60 శాతం రాశారు, అంటే 28,800. మీరు కట్టేది మధ్యలో తేడాని, 36 నెలలకి. వడ్డీని ఇక్కడ మనీ ఫ్యాక్టర్ అంటారు. 0.0005 అని ఉంది, 2400తో గుణిస్తే ఏడాదికి 1.2 శాతం. అంతా కలిపితే ట్యాక్స్ కాకుండా నెలకి సుమారు 353. అదే బండికి రెసిడ్యువల్ 50 శాతం రాస్తే నెలకి 483 దాటుతుంది! మూడేళ్లలో దాదాపు 4,700 డాలర్ల తేడా. బండి అదే, రేటు అదే, మారింది ఒక్క అంకె.

ఆ అంకె తప్పితే నష్టం కంపెనీదే, మనది కాదు. 2008లో పెట్రోల్ గ్యాలన్ 4 డాలర్లు దాటగానే పెద్ద ఎస్‌యూవీలు, ట్రక్కుల పాత ధరలు కుప్పకూలాయి. ఫోర్డ్ బండ్లకి లీజులు, అప్పులు ఇచ్చే ఫోర్డ్ క్రెడిట్ 2 బిలియన్ డాలర్లకు పైగా నష్టం రాసుకుంది. క్రైస్లర్ ఫైనాన్షియల్ ఆ ఆగస్టు నుంచి లీజులు ఇవ్వడమే మానేసింది. బండి తాళాలు అప్పగించి వచ్చేసినవాళ్లకి మాత్రం ఏమీ కాలేదు. రివర్స్‌లో కూడా జరుగుతుంది. నా పాత సెడాన్ లీజ్ 2021లో అయిపోయింది, కొత్త కార్లు దొరకని రోజులవి. కాంట్రాక్ట్‌లో రేటు కంటే మార్కెట్ రేటు బాగా ఎక్కువ. రాసిన రేటుకే కొనేసుకున్నాను, ఇంట్లో ఇప్పటికీ అదే తిరుగుతోంది.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. బ్యానర్ మీద 249 అని ఇంత పెద్ద అక్షరాలు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, సంతకం రోజున 3,999 కట్టాలి అని. అందులో మొదటి నెల కిస్తీ పోను 3,750ని 36 నెలలకి పంచండి, నెలకి 104. 249కి కలిపితే మళ్లీ మన 353కే వచ్చాం. 249 అన్నది అసలు లేనేలేదు! పైగా రెండో నెలలోనే యాక్సిడెంట్ అయి బండి టోటల్ అయిందనుకోండి, గ్యాప్ కవరేజ్ (ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ బాకీకీ మధ్య తేడా కట్టేది) లీజ్ కంపెనీకి ఉన్న బాకీ తీరుస్తుంది కానీ మీ 3,750 వెనక్కి రాదు. దయచేసి లీజ్‌కి డౌన్ పేమెంట్ కట్టకండి. నెలకి ఎక్కువైనా పర్లేదు, ఆ డబ్బు మీ బ్యాంకులోనే ఉండనివ్వండి.

చిన్న విషయాలు రెండు. లీజ్ చేసిన ఎలక్ట్రిక్ బండ్లకి వచ్చిన 7,500 డాలర్ల ఫెడరల్ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది, పాత వీడియోల్లో లెక్కలు ఇప్పుడు పనికిరావు. టెక్సాస్‌లో అయితే 6.25 శాతం ట్యాక్స్ నెల కిస్తీ మీద కాదు, బండి ధర మీద పడుతుంది. అది కలుపుకోకుండా ఓకే అనకండి.

నా తీర్పు? డౌన్ పేమెంట్ లేకుండా 353కి ఇస్తే కళ్లు మూసుకుని తీసుకుంటాను. స్టిక్కర్ ధరలో నెలకి ఒక శాతం లోపు వస్తే మంచి లీజ్ అంటారు, ఇది ముప్పావు శాతం కూడా లేదు. కానీ మూడేళ్ల తర్వాత కొనను. 28,800 అన్నది కంపెనీ తన అవసరం కొద్దీ పెంచి రాసుకున్న రేటు. ఏడాదికి 10,000 మైళ్లే నడపనిస్తున్నారు, రోజూ దూరం వెళ్లి వచ్చేవాళ్లు ముందే 12,000 అడగండి. డీలర్‌షిప్‌కి వెళ్లకముందే రెసిడ్యువల్, మనీ ఫ్యాక్టర్ ఈమెయిల్‌లో రాసి పంపమనండి. పంపకపోతే ఇంకో డీలర్‌ని అడగండి. స్టాక్ అమ్ముడుపోక ఇబ్బంది పడుతున్నది వాళ్లు, మీరు కాదు.