మనం ఎవరితో పోల్చుకుంటున్నాం?

వ్యాఖ్యాత: నమస్తే. గ్లోబలైజేషన్ అంటే వ్యాపారం, ఉద్యోగాల గురించే మాట్లాడుకుంటాం. అది మనిషి ప్రవర్తనను ఎలా మారుస్తుందో ఈ రోజు ఒక సైకాలజిస్ట్‌ని అడుగుదాం. మేడమ్, ఎక్కడ మొదలుపెడదాం?

సైకాలజిస్ట్: పోలికతో మొదలుపెడదామండీ. తానెంతటివాడో తేల్చుకోవడానికి మనిషి తనలాంటి వాళ్లతో పోల్చుకుంటాడని అమెరికన్ సైకాలజిస్ట్ లియోన్ ఫెస్టింగర్ 1954లోనే రాశారు. ఒకప్పుడు ఆ తనలాంటి వాళ్లంటే తోబుట్టువులు, పక్కింటివాళ్లు, తోటి ఉద్యోగులు. వాళ్ల సంపాదనా తెలుసు, అప్పులూ తెలుసు. ఇప్పుడు ఏ దేశంలోనో ఉన్న మనిషి ఇల్లు, ఒళ్లు, సరదాలు ఫోన్‌లో కనిపిస్తాయి. అప్పులు కనిపించవు. గ్లోబలైజేషన్ మన మనసుల్లో తెచ్చిన అతి పెద్ద మార్పు ఇదేనని నేననుకుంటాను.

వ్యాఖ్యాత: పోల్చుకున్నంత మాత్రాన ప్రవర్తన మారిపోతుందా?

సైకాలజిస్ట్: పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం ఫిజీ సంగతి చూడండి. అక్కడి నద్రోగా ప్రాంతానికి టీవీ 1995లో వచ్చింది. నిండుగా ఉన్న ఒళ్లే అందమని, ఇంట్లో బాగా చూసుకుంటున్నారనడానికి గుర్తని నమ్మే సమాజం అది. టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి పరిశోధకురాలు యాన్ బెకర్ బృందం స్కూల్లో చదివే అమ్మాయిలను ప్రశ్నించింది. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్లకు నూటికి 11 మంది ఉన్నారు. టీవీలో వాళ్లలా సన్నబడితే మంచి ఉద్యోగం వస్తుందని కూడా కొందరు అనుకున్నారు.

వ్యాఖ్యాత: వింటుంటేనే బాధగా ఉంది.

సైకాలజిస్ట్: ఉద్యోగం మాట దగ్గర నేనూ ఆగిపోతాను. మారుతున్న లోకంలో తమకూ చోటు దొరకాలని ఆ పిల్లలు కడుపు మాడ్చుకున్నారు. అందుకే పిల్లల్ని పట్టుకుని ‘విదేశీ మోజు’ అని తిట్టేస్తుంటే నాకు కోపం వస్తుంది. ఆ మోజు అడుగున వెనకబడిపోతామేమోనన్న భయం ఉంటుంది. తిడితే అది ఇంకా పెరుగుతుంది.

వ్యాఖ్యాత: రెండు సంస్కృతుల మధ్య పెరిగితే అయోమయం తప్పదంటారా?

సైకాలజిస్ట్: అందరికీ కాదండీ. సైకాలజిస్ట్ జెఫ్రీ ఆర్నెట్ గ్లోబలైజేషన్ మీద 2002లో రాసిన వ్యాసంలో రెండు రకాలవాళ్లనూ ప్రస్తావించారు. ఇంటి పద్ధతినీ బయటి ప్రపంచాన్నీ కలుపుకుని హాయిగా బతికేవాళ్లున్నారు. ఎటూ చెందనట్టు నలిగిపోయేవాళ్లూ ఉన్నారు. గ్లోబలైజేషన్ వల్ల మంచి కూడా ఉంది. 2009లో ఆరు దేశాల ప్రయోగం ఒకటి వెలువడింది. బయటి ప్రపంచంతో ఎక్కువ సంబంధాలున్నవాళ్లు ముఖపరిచయం లేని విదేశీయులతో కూడా ఎక్కువగా సహకరించారు.

వ్యాఖ్యాత: ఫోన్ చూసి ‘నా బతుకింతేనా’ అని టెన్షన్ పడేవాళ్లు మీ దగ్గరికి వస్తే ఏం చెబుతారు?

సైకాలజిస్ట్: ఫోన్ మానేయమని మాత్రం చెప్పను, మానలేరు. ఎవరిని చూసినప్పుడు తక్కువగా అనిపించిందో వారం పాటు రాసుకురమ్మంటాను. అందులో తమకు నిజంగా తెలిసినవాళ్లెందరో లెక్కపెట్టమంటాను. అసలు మాటలు ఆ తర్వాతే మొదలవుతాయి.