బెంగళూరు టాక్సీ: లైసెన్సు ఒకరికి, అప్పు మరొకరికి

(దృశ్యం: దేవనహళ్ళి విమానాశ్రయం దగ్గర వరుసగా నిలిచిన పసుపు బోర్డు కార్లు)

నమస్కారం. మదనపల్లె, హిందూపురం, చిత్తూరు వైపుల నుంచి వచ్చి బెంగళూరులో కారు నడుపుకుంటున్న తెలుగువారు ఈ వరుసలో ఎప్పుడూ కనిపిస్తారు. కారు వారి పేరున ఉంటుంది, దాని మీది అప్పు కూడా వారి పేరుననే ఉంటుంది. పర్మిట్టు, బీమా, ఎఫ్‌సీ (బండి నడపడానికి తగినట్టు ఉందని ఇచ్చే ధ్రువపత్రం) అన్నీ వారు చూసుకోవలసినవే. అయితే ఏ ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవాలో, ఎంత తీసుకోవాలో నిర్ణయించేది మాత్రం ఫోనులోని యాప్. బరువు ఒకరి మీద, పెత్తనం మరొకరి చేతిలో ఉన్న ఈ ఏర్పాటును చట్టం ఎలా చూస్తున్నదన్నదే ఈ వీడియో విషయం.

ఉబర్ భారతదేశంలో మొదట అడుగుపెట్టింది 2013లో, ఈ నగరంలోనే. అప్పటికే ఓలా ఉంది. రెండు సంస్థలూ పెట్టుబడిదారుల డబ్బుతో ప్రయాణికులకు రాయితీలు, డ్రైవర్లకు ఇన్సెంటివ్‌లు పంచాయి. రోజుకు ఇన్ని డ్యూటీలు (ట్రిప్పులు) చేస్తే నెలకు ఇంత మిగులుతుందన్న లెక్కను నమ్మి, చేస్తున్న పని వదులుకుని ఫైనాన్సులో కారు తీసుకున్నవారు ఎందరో. తరువాత ఇన్సెంటివ్‌లు తగ్గాయి, కంతు తగ్గలేదు. 2017 ఫిబ్రవరిలో ఇక్కడి డ్రైవర్లు సమ్మెకు దిగడానికి ముఖ్య కారణం అదే.

ఈలోగా ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. యాప్ సంస్థలు లైసెన్సు తీసుకోవాలంటూ కర్ణాటక 2016లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. సంస్థ ప్రభుత్వానికి జవాబుదారీ కావడం, నిర్ణయించిన ఛార్జీని మించి ప్రయాణికుడి నుంచి వసూలు చేయకపోవడం వాటిలో ప్రధానమైనవి. అవి అవసరమైన నియమాలే. కాని ఛార్జీ ఎంతకు మించకూడదో చెప్పినంత గట్టిగా, డ్రైవరు చేతికి ఎంతకు తగ్గకూడదో అవి చెప్పలేదు.

పోటీ చట్టం సంగతి కూడా చూద్దాం. ఓలా ఖర్చుకన్నా తక్కువ ధరకు సేవలు అందిస్తూ బెంగళూరులో పోటీదారులను దెబ్బతీస్తున్నదని మేరు, ఫాస్ట్ ట్రాక్ టాక్సీ సంస్థలు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. ఉబర్ నుంచి గట్టి పోటీ ఉన్నందున ఓలాకు ఆధిపత్య స్థానం ఉందని చెప్పలేమంటూ 2017 జూలైలో కమిషన్ ఆ ఫిర్యాదులను కొట్టివేసింది. చట్టం అడిగే ప్రశ్న ప్రకారం ఆ జవాబు సబబే కావచ్చు. అయితే రెండు యాప్‌లు ఉన్నంత మాత్రాన ప్రయాణికుడికి దొరికే స్వేచ్ఛ డ్రైవరుకు దొరకదు. నచ్చని యాప్‌ను ప్రయాణికుడు క్షణంలో మూసేస్తాడు. నెల తిరిగేసరికి కంతు కట్టవలసినవాడు తక్కువ రేటు చూపించిన యాప్‌ను కూడా తెరిచే ఉంచుతాడు.

(దృశ్యం: కాగితం మీద లెక్క)

ఇక ఛార్జీల విషయం. కారు ధరను బట్టి మూడు తరగతులుగా విభజించి, సిటీ టాక్సీలన్నిటికీ ఒకే రేటు ఉండాలని కర్ణాటక 2024 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. పది లక్షల లోపు కారుకు మొదటి 4 కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 24 రూపాయలు. ఈ రేటున 20 కిలోమీటర్ల ప్రయాణానికి 484 రూపాయలు అవుతుంది. సంస్థ అందులో ఐదో వంతు తీసుకుంటుందనుకుందాం. డ్రైవరుకు సుమారు 387 మిగులుతుంది. ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవడానికి 5 కిలోమీటర్లు ఖాళీగా వెళ్ళి, దింపిన తరువాత ఇంకో డ్యూటీ కోసం 10 కిలోమీటర్లు ఖాళీగా తిరిగితే బండి నడిచింది 35 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు 11 రూపాయలు, అందులోనే ఇంధనం, టైర్లు, కంతు, ఇంటి ఖర్చు. బిల్లులో ఎక్కడా కనిపించని ఆ ఖాళీ పరుగే డ్రైవరు సంపాదనను తినేస్తున్నదని నా అభిప్రాయం.

కేంద్రం 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలు సొంత కారు ఉన్న డ్రైవరుకు ఛార్జీలో కనీసం 80 శాతం దక్కాలంటున్నాయి. అయితే రద్దీ లేనప్పుడు మూల ఛార్జీని సగం దాకా తగ్గించుకోవడానికి కూడా అవే వీలు కల్పిస్తున్నాయి. సగం ఛార్జీలో 80 శాతం ఎంతో పై లెక్కతో పోల్చి చూడండి. కమీషన్‌కు బదులు రోజువారీ చందా తీసుకునే నమ్మ యాత్రి వంటి యాప్‌లు వచ్చాక వాటా గొడవ కొంత తగ్గింది, కాని డ్యూటీలు దొరకని రోజు నష్టం అక్కడా డ్రైవరుదే.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది కర్ణాటక 2025లో తెచ్చిన గిగ్ కార్మికుల, అంటే యాప్‌ల ద్వారా పనిచేసేవారి, చట్టం. సాధారణంగా, కారణం రాతపూర్వకంగా చెప్పి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా డ్రైవరును తొలగించకూడదని అది నిర్దేశిస్తున్నది. ఉదయం లేచేసరికి ఐడీ బ్లాకయి, ఎవరిని అడగాలో తెలియక సంస్థ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నవారికి ఆ 14 రోజుల విలువ తెలుసు. ఒప్పందం సులభమైన మాటలలో, కన్నడంలోగాని, ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో ఉన్న, డ్రైవరుకు తెలిసిన మరో భాషలోగాని ఉండాలన్నది కూడా ఆ చట్టంలోని మాటే. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. ఈ వీడియో చూస్తున్న డ్రైవరు సోదరులు తమ ఒప్పందాన్ని తెలుగులో ఇమ్మని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి.